తీగ విప్పిన గంట

ఒట్టు వేయమంటే వేస్తాను. మా అమ్మ మీద వేస్తాను, తిన్న అన్నం మీద వేస్తాను. కళ్ళ మీద మాత్రం వేయమనకండి... వేయలేను. ఎందుకో వింటే మీకే తెలుస్తుంది.

నవ్వాలనుకున్నవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో ఎవరైనా కిసుక్కుమంటే ఆపేసి పోయి పడుకుంటాను. ఇది ఎవరో చెప్పగా ఎవరో విన్నది కాదు. నాకు జరిగింది. ఈ చెవులతో విన్నాను. ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పకపోవడానికి కారణం భయం అనుకుంటారేమో... కాదు. సిగ్గు. ఇప్పుడు మీ ముందు చెబుతున్నా సిగ్గే.

చైనా యుద్ధం అయిపోయిన మరుసటి ఏడో, ఆ పై ఏడో. నాకు ఇరవై మూడేళ్ళు. కాటన్‌పేటలో నాలుగు తరాలుగా కన్నడవాళ్ళ మధ్య ఉన్న తెలుగు కుటుంబం మాది. నాన్న మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని నడుము పోగొట్టుకున్నాడు. నన్ను మాత్రం మగ్గం దగ్గరికి రానీయలేదు, కరెంటు పని నేర్చుకోమన్నాడు. మాగడి రోడ్డు వైపు ఒక బట్టల మిల్లులో వైర్‌మన్‌గా చేరాను. మిల్లు పేరెందుకు లెండి, ఇప్పుడది లేదు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. దసరా దాటాక చేస్తామన్నారు. ఇంటిల్లిపాదీ ఆ దసరా కోసం వేళ్ళు మడుచుకుంటూ కూర్చున్నారు.

మిల్లులో బట్టకు రంగులు వేసే షెడ్డు ఉండేది. ఆ రంగుల తొట్లకు ఆవిరి ఇవ్వడానికి ఒక బాయిలర్. బొగ్గుతో కాదు, చిక్కటి నల్ల నూనెతో మండేది. దాన్ని రాత్రిపూట చూసుకునే మనిషి మునియప్ప. మేమంతా మునెన్న అనేవాళ్ళం. హొసకోట వైపు తెలుగువాడు, యాభై దాటాయి. బాయిలర్ తలుపుకు రూపాయి బిళ్ళంత బొక్క, దానికి నీలం గాజు. అందులోంచి మంట ఉందా లేదా అని చూస్తూ ఉండడమే ఇరవై ఏళ్ళుగా ఆయన పని. మంట ఆరితే ఆ క్షణమే నూనె కట్టేయాలి. కట్టకపోతే నూనె ఎర్రగా కాలిన ఇటుకల మీద పడి, పొగై, లోపలంతా నిండిపోతుంది. అప్పుడు తెలియక ఎవరైనా నిప్పు చూపించారో... బాయిలరూ ఉండదు, చూపించినవాడూ ఉండడు.

మునెన్నకు నేనంటే ప్రాణం. ఇంటి నుంచి తెచ్చిన రాగి ముద్దలో సగం విరిచి నాకు పెట్టేవాడు. ఒక రాత్రి ఆయనకు టీ గ్లాసు ఇస్తున్నాను. ఆయన చెయ్యి చాపాడు. గ్లాసు పక్కనున్న గాలిని పట్టుకున్నాడు. మళ్ళీ పట్టుకున్నాడు. నేను చూశానని ఆయనకు అర్థమైంది.

"కిష్టా... ఎవురికీ చెప్పొద్దప్పా," అన్నాడు. "కండ్లు మసకమసకగా ఉండాయి. ఇరవై ఏండ్లు నిప్పును చూసిన కండ్లు, ఇంగెట్లుంటాయి? సర్వీసు నాలుగేండ్లు ఉండాది. మా చిన్నోడు ఇంగా ఎస్సెల్సీకి రాలే."

"చెప్పనన్నా," అన్నాను. చెప్పలేదు కూడా. ఈ కథలో నేను నిలబెట్టుకున్న మాట అదొక్కటే.

ఆ ఏడే తెల్లవాళ్ళ సీమ నుంచి ఓడలో ఒక ఇనుప పెట్టె వచ్చింది. దాంతోపాటు మూరెడు గొట్టం, గొట్టం చివర గాజు. గొట్టాన్ని బాయిలర్ గోడకు బిగిస్తే లోపలి మంట వెలుతురు గాజు మీద పడుతుంది. మేం దానికి కన్ను అని పేరు పెట్టాం. వెలుతురు ఉన్నంతసేపు పెట్టెలోని రిలే అనే స్విచ్చి పట్టుకుని ఉంటుంది. మంట ఆరితే "టక్" మని వదిలేస్తుంది. వదిలిన మరుక్షణం రెండు పనులు జరగాలి. నూనె వాల్వు దానంతటదే మూసుకోవాలి. గోడ మీద గంట మోగాలి. ఆ రెండింటికీ పెట్టెలోంచి తీగలు లాగి కలిపే పని నాకు అప్పజెప్పారు. సీమ సరుకు! నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

మొదటిసారి గంట తీగ తప్పు కలిపాను. తీగల పటంలో రిలేను కరెంటు లేనప్పుడు ఎలా ఉంటుందో అలా గీస్తారు. అది పని చేస్తున్నప్పటి బొమ్మ అని నేను అనుకున్నాను. ఇంకేముంది, మంట భేషుగ్గా మండుతుంటే గంట ఆపకుండా మోగింది, మంట ఆర్పితే నోరు మూసుకుంది. మునెన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. రెండోసారి సరిగ్గా కలిపాను. పరీక్షకని నూనె కట్టి మంట ఆర్పాం. టక్... గణగణగణ! రంగుల షెడ్డు దాకా వినిపించింది.

మునెన్న ఈసారి నవ్వలేదు. ఆ గంట కిందికి పోయి, తల ఎత్తి నిలబడ్డాడు.

"ఇంగ నాకు భయం లేదప్పా," అన్నాడు మెల్లగా. "నా కండ్లు పోయినా నీ గంట ఉండాది."

ఆ మాట గుర్తు పెట్టుకోండి. నేను గుర్తు పెట్టుకోలేదు.

తర్వాత ఆయుధపూజ వచ్చింది. బాయిలర్ చల్లార్చి కడిగారు. మామిడాకులు, అరటి పిలకలు, గేటు దగ్గర కుంకుమ నింపిన బూడిద గుమ్మడికాయ. ఎవరి పనిముట్టుకు వాళ్ళు బొట్టు పెట్టుకుంటారు కదా. నేను నా స్క్రూడ్రైవర్లకు పెట్టాను, ఫ్యూజు బోర్డులకు పెట్టాను, కొత్త పెట్టెకు మూడు చోట్ల పెట్టాను. అప్పుడు తోచింది... అన్నిటికీ పెట్టి కన్నుకు పెట్టకపోతే ఎలా? గొట్టం విప్పాను. గాజు మీద గంధం రాసి, నడుమ ఉంగరం వేలితో కుంకుమ అద్దాను. ఎంత ముద్దుగా ఉందో! చుట్టూ ఉన్నవాళ్ళు కూడా బాగుందన్నారు. కళ్ళకద్దుకుని మళ్ళీ బిగించాను.

పండుగ మరునాడు బాయిలర్ వెలిగించారు. గంట సేపైనా కాలేదు, టక్... గణగణగణ. మంట చక్కగా మండుతూనే ఉంది, పెట్టె మాత్రం ఆరిందంటోంది. వాల్వు మూసుకుంది, అప్పుడు మంట నిజంగానే ఆరింది. మళ్ళీ వెలిగించాం. మళ్ళీ టక్. షిఫ్టుకు ఎనిమిదిసార్లు, పదిసార్లు. ఆవిరి తగ్గి రంగు తొట్లు చల్లబడ్డాయి. బట్టంతా మచ్చలు మచ్చలు.

మా చిన్న ఇంజనీరు మైసూరు మనిషి, పెదవి దాటి మాట వచ్చేది కాదు. ఆయన కూడా నాలుగో రోజు నలుగురి ముందు కన్నడంలో అరిచాడు. పెట్టెలో లోపం లేదు, తీగలు కలిపినవాడి బుర్రలో ఉంది అన్నాడు. తెల్లారేలోగా సరిచేయకపోతే పర్మనెంటు మాట మరిచిపొమ్మన్నాడు.

నేను చూడనిది లేదు. ప్రతి టెర్మినల్ బిగించాను. రిలే తుడిచాను. కరెంటు కొలిచాను. పటం ముందేసుకుని కళ్ళు నొప్పెట్టేదాకా చూశాను. కన్ను విప్పి చూడాలని మాత్రం తోచలేదు. బొట్టు పెట్టిన చోట తప్పు ఉంటుందని ఎవరికి తోస్తుంది చెప్పండి?

ఆ సాయంత్రం ఒక పని చేశాను.

వేలెడంత తీగ ముక్క కోసి, వాల్వుకు పోయే రెండు టెర్మినళ్ళ మధ్య అడ్డంగా బిగించాను. ఇక రిలే వదిలినా, పట్టుకున్నా వాల్వుకు సంబంధం లేదు. తెరుచుకునే ఉంటుంది. మరి గంట? అది మోగుతూ ఉంటే ఇంజనీరు వస్తాడు. పెట్టె నుంచి గంటకు పోయే తీగ రెండు బారలు ఉంటుంది. సగంలో వేలాడితే ఎవరి కంటనైనా పడుతుందని రెండు కొసలూ విప్పాను. చుట్ట చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఒక్క రాత్రే కదా, తెల్లవారుజామున తీరిగ్గా లోపం పట్టుకుని మళ్ళీ కలిపేద్దామనుకున్నాను.

రాత్రి షిఫ్టుకు మునెన్న వచ్చాడు. గొడుగు గోడకు ఆనించి, చెవి అటు ఇటు తిప్పి విన్నాడు.

"ఏమప్పా కిష్టా, సద్దే లేదు ఈ పొద్దు. బాగైందా?"

"బాగైందన్నా."

"గంట?"

"గంట కూడా."

నా వీపు తట్టాడు. "నాకు తెల్సు. నీ చేతిలో పని ఉండాది," అన్నాడు.

అప్పుడు చెప్పి ఉండొచ్చు. ఒక్క మాట... అన్నా, ఈ రాత్రికి గంట లేదు, ఇంకొకణ్ణి పక్కన పెట్టుకుని గాజులోంచి చూస్తూ ఉండు అని. చెబితే నాకు పని చేతకాలేదని ఒప్పుకున్నట్టు. ఆయన కళ్ళ సంగతి నలుగురికీ తెలిసిపోతుందని కూడా అనుకున్నాను. ఆ రెండో మాట సాకు. మొదటిదే నిజం.

నా గది వాకిలికి అవతల, బాయిలర్ నుంచి నలభై అడుగులు. ఒక చెక్క బల్ల, ఒక కంబళి. వాన మొదలైంది. రేకుల మీద సన్నగా, ఆగకుండా. నాలుగు రోజులుగా నిద్ర లేదేమో, బల్ల మీద వాలగానే కన్ను మూతపడింది.

ఎంతసేపో తెలియదు.

గంట మోగింది.

సగం నిద్రలో విన్నాను. సరేలే, గంట మోగింది, మునెన్న చూసుకుంటాడు అనుకుని పక్కకు తిరిగాను. తిరగ్గానే రొమ్ము మీద ఏదో గుచ్చుకుంది. చెయ్యి పెట్టి చూశాను.

తీగ చుట్ట.

జేబులోనే ఉంది. రెండు కొసలూ. నా వేళ్ళకు తగులుతున్నాయి.

టంగ్...

నిద్ర ఎగిరిపోయింది. కళ్ళు తెరిచాను. చీకటి. వాన.

టంగ్...

ఆ గంట అలా మోగదు. కరెంటు గంట, ఒక్కసారి మొదలుపెడితే గణగణమని ఊపిరాడనివ్వదు. ఇది ఒక్కొక్కటిగా కొడుతోంది. తొందర లేదు. ఒకటి కొట్టి, ఆగి, నేను విన్నానో లేదో చూసి మరొకటి కొడుతున్నట్టు. గొంతు మాత్రం మా గంటదే. ఆ గంట గిన్నె చప్పుడు నాకు తెలియదా, నా చేత్తో గోడకు బిగించినదే కదా!

టంగ్...

చెవులు మూసుకున్నాను. రెండు అరచేతులతో గట్టిగా. వాన చప్పుడు తగ్గిపోయింది.

గంట చప్పుడు తగ్గలేదు.

చెవులు మూసుకున్నా అంతే. తెరిచినా అంతే. ఒకే ఎత్తులో, ఒకే దూరంలో... ఈ మాట ఎవరికి చెప్పినా నమ్మరని తెలుసు. నేనే నమ్మను. కానీ అది అలాగే ఉంది.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను. నలభై అడుగుల దూరంలో ఒక మనిషి ఉన్నాడు. కళ్ళు సరిగా కనిపించని మనిషి. వాల్వు మూసుకోకుండా నేను తీగ అడ్డం పెట్టి వచ్చాను. గంట ఎందుకు మోగుతుందో ఈ మిల్లులో నాకంటే బాగా తెలిసినవాడు లేడు. దయ్యం కొట్టనీ, దేవుడు కొట్టనీ, మంట ఆరితేనే కదా గంట. లేచి పరుగెత్తాలి. కాళ్ళున్నాయి, తలుపుంది.

నేను కంబళి తల మీదికి లాక్కున్నాను.

మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకున్నాను. టంగ్... కంబళి అంచు పళ్ళతో కరిచి పట్టుకున్నాను. టంగ్... ఇంకోటి మోగితే లేస్తాననుకున్నాను. మోగింది. లేవలేదు. ఇంకోటి. లేవలేదు. పదో, పన్నెండో... లెక్కపెట్టలేదు.

ఆగింది.

ఆగాక భయం ఇంకా పెరిగింది. వాన తప్ప ఏమీ లేదు. బాయిలర్ బర్నర్ ఎప్పుడూ హోరుమంటూ ఉంటుంది, మా చెవులకు అలవాటైపోయి పట్టించుకోం. ఆ హోరు లేదు. అప్పుడు లేచాను. చెప్పుల్లేకుండా నీళ్ళలో తపతపమని పరుగెత్తాను.

చిమ్నీలోంచి తెల్లటి పొగ వస్తోంది. నూనె వాసన గుప్పుమంటోంది. బాయిలర్ గది మెట్టు మీద, వానలోనే, మునెన్న కూర్చుని ఉన్నాడు. పక్కన బాయిలర్ వెలిగించే ఇనుప కమ్మీ పడి ఉంది. దాని కొసకు చుట్టిన కిరసనాయిలు గుడ్డ తడిసి, ఇంకా సన్నగా పొగ కక్కుతోంది.

"అన్నా!"

"వచ్చినావా," అన్నాడు. గొంతు ఎవరిదోలా ఉంది. "నూనెలో నీళ్ళు కలిసినట్లుండాది. నిప్పు ఆరిపాయె. వాల్వు చేత్తో కట్టేసినా. గాలి తలుపులు తీసిపెట్టినా."

నా పళ్ళు టకటకలాడుతున్నాయి. "గంట... గంట కొట్టింది కదన్నా?"

ఆయన ముఖం నా వైపు తిప్పాడు. ఆ మసక కళ్ళతో ఏం చూశాడో. వాన నీళ్ళు ముక్కు మీదుగా కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"కొట్టింది," అన్నాడు చివరికి. "కొట్టింది కాబట్టే కదప్పా, బతికిపోయినా."

నేను లోపలికి పోయి గంట చూశాను. గంట కింద రెండు మరలు, ఖాళీగా. తీగ లేదు. గిన్నె మీద చెమ్మ పట్టి, చుక్కలు చుక్కలుగా నిలబడి ఉంది. మోగిన గిన్నె మీద చుక్క నిలుస్తుందా? వేలు పెట్టాను. చల్లగా ఉంది. నా వేలు తగలగానే చుక్కలు జారిపోయాయి.

తెల్లారేలోగా అన్నీ మళ్ళీ కలిపేశాను. అడ్డం పెట్టిన ముక్క తీసేశాను. అప్పుడే, ఇంకేం చేయాలో తోచక, కన్ను కూడా విప్పాను. గాజు మీద గంధం ఎండి పెచ్చు కట్టింది. నడుమ కుంకుమ. అందులో గీతలతో సహా నా ఉంగరం వేలి ముద్ర. పెచ్చు సందుల్లోంచి వచ్చిన గోరంత వెలుతురుతో ఆ కన్ను నాలుగు రోజులు నెట్టుకొచ్చింది. పంచె కొంగుతో తుడిచాను. ఆ తర్వాత ఒక్కసారి కూడా గంట తప్పుగా మోగలేదు.

పొద్దున ఇంజనీరు రాగానే మునెన్నే ఎదురుపోయాడు. "రాత్రి నిప్పు ఆరిపాయె సార్. కిష్టప్ప గంట కొట్టింది, నేను వాల్వు కట్టేసినా. లేకుంటే ఈ షెడ్డు ఉండేది కాదు." అందరూ నా వైపు చూశారు. నేను తల వంచుకున్నాను. వినయం అనుకున్నారు. ఇంజనీరు నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ నెలలోనే నన్ను పర్మనెంటు చేశారు. మా అమ్మ వీధంతా చక్కెర పంచింది.

మునెన్న భార్య ఎల్లమ్మ వదిన మిల్లుకు వచ్చింది. గంటకు కనకాంబరాల మాల వేయించింది. నాకు ఆకులో చుట్టి ఓళిగలు, అదే బొబ్బట్లు, తెచ్చింది. "నా పసుపు కుంకుమలు నిలబెట్టినావప్పా," అని ఏడ్చింది. కుంకుమ అన్న మాటకు నా ఉంగరం వేలు అరచేతిలో దాచుకున్నాను. అయినా ఓళిగలు తిన్నాను. బాగున్నాయని కూడా అన్నాను. చూశారా, ఎంత సిగ్గులేనివాణ్ణో.

రంగుల షెడ్డులో ఆ రాత్రి పనిచేసినవాళ్ళను ఒక్కొక్కరినీ అడిగాను. "ఏ గంటప్పా? మేమేమీ వినలేదే," అన్నారు. మిషన్ల రొదలో వినిపించి ఉండదులే అనుకున్నాను. మునెన్న విన్నాడు కదా. ఇద్దరం విన్నాం. ఆ ఒక్క మాట పట్టుకుని ధైర్యం తెచ్చుకున్నాను. దేవుడో, దయ్యమో... ఆయన్ని కాపాడింది, నా తప్పు కడిగేసింది. అలా అనుకుని నాలుగేళ్ళు నిద్రపోయాను.

మునెన్న రిటైరయ్యాడు. అప్పటికి ఎదురుగా మనిషి నిలబడినా గుర్తుపట్టలేడు. పెద్ద కంటి ఆసుపత్రిలో చేర్చారు. ఆపరేషన్ అయిన మూడో రోజు కమలాపండ్లు తీసుకుని వెళ్ళాను. రెండు కళ్ళకూ కట్లు. ఎల్లమ్మ వదిన కాఫీకని బయటికి పోయింది. ఆయన నన్ను చూడలేడు... చెబితే ఇప్పుడే చెప్పాలనుకున్నాను. నా ధైర్యం ఆ పాటిది.

"అన్నా," అన్నాను. "ఆ రాత్రి... గంట తీగ..."

"నీ జోబులో ఉండె," అన్నాడు మునెన్న.

నేను పండు ఒలుస్తున్నాను. సగంలో ఆపేశాను.

"నిప్పు సద్దు ఆగిపాయె," అన్నాడాయన, నిన్నటి మాట చెప్పినట్టు. "గంట కొట్టలే. గంటకేమో అయ్యింది, వాల్వు మాత్రం మూసుకోనుంటాదిలే, కిష్టప్ప పని కదా అనుకుంటి. మళ్ళీ వెలిగిద్దామని కమ్మీ అంటించుకోని తలుపు దాకా పోయినా. నూనె వాసన గప్పున కొట్టె. కమ్మీ వానలోకి ఇసిరేసి, తడుముకోని వాల్వు పట్టుకుంటే... తెరిచే ఉండాది. కట్టేసినా. గోడ పట్టుకోని గంట తడిమినా. తీగ లేదు. అప్పుడు తెలిసె. నువ్వు వచ్చి నిలబడినప్పుడు జోబు ఉబ్బి ఉండె."

"మరి... కొట్టిందన్నావే అన్నా? అందరికీ చెప్పినావే!"

"నువ్వే కదప్పా వచ్చి అడిగితివి, గంట కొట్టింది కదన్నా అని. కోడిపిల్ల మాదిరి వణుకుతా ఉంటివి. చిన్నోడు, తప్పు చేసినాడు, తప్పించుకోవాలని చూస్తా ఉండాడు అనుకుంటి. నీ పని పోగొడితే నాకేమొస్తాది? నా కండ్ల సంగతి నువ్వు ఎవురికన్నా చెప్పినావా?"

ఆయన కాళ్ళు పట్టుకున్నాను. ఏడ్చాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆయన క్షమించేశాడు కదా, నోరు మూసుకుని రావాల్సింది. కానీ గంట కొట్టలే అన్న ఆయన మాట నన్ను వదల్లేదు.

"తప్పించుకోవాలని అడగలేదన్నా," అన్నాను. "నాకు నిజంగానే వినిపించింది. నువ్వు వినలేదా? ఒక్కొక్కటిగా... టంగ్... టంగ్... అని. పదో, పన్నెండో కొట్టింది. కంబళి కప్పుకున్నా వినిపించింది."

మునెన్న చెయ్యి నా తల మీద ఉంది. నిమురుతున్న చెయ్యి ఆగింది.

"విన్నావా?" అన్నాడు.

"విన్నానన్నా. అమ్మ తోడు."

కట్లు కట్టిన ముఖం నా వైపు తిరిగింది. కళ్ళు లేవు, గుడ్డ మాత్రమే. దాని ముందు కూడా తల ఎత్తలేకపోయాను.

"విని... రాలేదా అప్పా?"

ఆయన చెయ్యి మెల్లగా నా తల మీద నుంచి తీసుకున్నాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వదిన వచ్చి "నిద్రపోయినాడేమో," అంది. నిద్రపోలేదు, నాకు తెలుసు. ఆ తర్వాత వాళ్ళ ఇంటికి రెండుసార్లు పోయాను. కూర్చోమన్నాడు, కాఫీ ఇప్పించాడు, చిన్నోడి చదువు గురించి మాట్లాడాడు. అంతే. రాగి ముద్ద విరిచి పెట్టిన చెయ్యి మళ్ళీ నా మీద పడలేదు. చూపు కొంచెం వచ్చింది, పూర్తిగా రాలేదు.

మంట ఆరి ఆవిరి గొట్టాలు చల్లబడితే అప్పుడప్పుడు టంగుమంటాయి. అదే అయి ఉంటుందని మీరంటారు. నేనూ వందసార్లు అనుకున్నాను. గొట్టాల చప్పుడైతే చెవులు మూసుకుంటే తగ్గాలి కదా... తప్పు చేసినవాడి మనసే అలా కొట్టుకుని ఉంటుందంటారా? మంట ఆరిన సంగతి నిద్రపోతున్న నా మనసుకు ఎలా తెలిసింది? నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు.

ఒక్కటి మాత్రం తెలుసు. ఇన్నాళ్ళూ ఆ గంట మునెన్నను కాపాడడానికి మోగిందనుకున్నాను. ఆయన విననేలేదు. షెడ్డులో ఎవరూ వినలేదు. అది ఏదైనా కానివ్వండి, నా ఒక్కడికే వినిపించింది. లేవమని అన్నిసార్లు కొట్టింది. నేను కంబళి కప్పుకున్నాను.